రిపోర్టులో లేని ఇల్లు

ప్రజాభిప్రాయ సేకరణ సభ పదకొండింటికి మొదలైంది. హాలియా నుంచి తెచ్చిన షామియానా కింద రెండు వందల మంది కూర్చున్నారు. వేదిక మీద జిల్లా అధికారులు, ఓ పక్కన ఇథనాల్ ఫ్యాక్టరీ మేనేజర్ అమరేందర్. మైకు ముందు నిహారిక.

ఫ్యాక్టరీలకు పర్యావరణ అనుమతుల రిపోర్టులు తయారుచేసే హైదరాబాద్ సంస్థలో ఆమె ఉద్యోగి. ఈ సభకు వేరేవాళ్లను పంపమని బాస్‌ను రెండుసార్లు అడిగింది. "ఊరోళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగేది నువ్వే," అన్నాడాయన. రిపోర్టులో ఒక పేజీ తప్పని కూడా చెప్పింది. ఉపగ్రహ పటం చూసి ఎవరో రాసిన పేజీ అది. "ముందు సభ అవనీ, తర్వాత చూద్దాం," అన్నాడు.

అరగంటసేపు చదివింది. నీళ్లు ఎన్ని తోడతారో, వ్యర్థాలు ఎటు పోతాయో, చెట్లు ఎన్ని నాటుతారో. పోయిన నెల ఇంకో ఊళ్లో ఇలాగే చదువుతుంటే కుర్చీలు గాల్లోకి లేచాయి. ఇక్కడ ఎవరూ గొంతు కూడా పెంచలేదు.

హనుమమ్మ అనే ముసలామె మైకు అందుకుంది. "మాకు గీ పొలాలే బతుకు. ఫ్యాక్టరీ వద్దు."

ఇంకేదో అనబోయి, నిహారిక ముఖం చూసి ఆగిపోయింది. తర్వాత లేచినవాళ్లూ అంతే. వద్దన్నారు, కూర్చున్నారు.

చివరగా జానయ్య అనే రైతు లేచాడు.

"మేడం, వాసన ఎంత దూరమొస్తది?"

"రిపోర్టు ప్రకారం ఐదు వందల మీటర్లు దాటదండి."

"గంతలోపల ఇండ్లు ఉన్నయా?"

నిహారిక గ్లాసందుకుని రెండు గుక్కల నీళ్లు తాగింది.

"లేవని రిపోర్టులో ఉంది."

"నా ఇల్లు రెండు వందల మీటర్లల్లనే ఉన్నది మేడం. నీళ్లు తోడుకునే బాయి గూడ ఆడ్నే."



"మీరు చెప్పింది రాసుకుంటామండి."

"ఇంకేమైనా అడుగుతారా?" అన్నాడు అధికారి.

"ఏం లేదు సార్. మేడం చేతుల మాత్రం ఏమున్నది."

సభ రికార్డులో సంతకాలు అయిపోయాయి. అమరేందర్ హుషారుగా ఉన్నాడు.

"ఇంత మర్యాదస్తుల ఊరు నేనెక్కడా చూళ్లేదు. అనుమతి వచ్చేసినట్టే. కారెక్కండి."

"మీరు వెళ్లండి సార్. నేను బస్సులో వస్తా."

కారు కాలువ వంతెన దాటి మలుపు తిరిగేదాకా నిహారిక అక్కడే నిలబడింది. జానయ్య అప్పటికే పొలం గట్టు మీద చాలా దూరం నడిచిపోయాడు. చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తింది.

అందుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, రొప్పుతూనే అడిగింది: "బాపూ, అమ్మకు గూడ నా మీద కోపమొచ్చిందా?"