లైను తప్పిన ఆటో

పెట్రోలు మళ్ళీ పెరిగింది. పొద్దున ఆరు కొట్టగానే పెబ్బేరు చౌరస్తా బంకులో మిషన్ మీద అంకె దానంతటదే మారిపోయింది. లైనులో ఉన్న ఆటోలవాళ్ళ మొహాలూ మారిపోయాయి.

అనంతయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెబ్బేరు, వనపర్తి మధ్య ఆటో తోలి ఇల్లు నడిపే మనిషి. ఆడవాళ్ళంతా ఫ్రీ బస్సెక్కుతున్నారు. మిగిలిన మగవాళ్ళను ఓ పది రూపాయలు ఎక్కువడిగితే కలియబడుతున్నారు. ఇప్పుడిదొకటి!

"యాడనో యుద్ధమైతే మన పెబ్బేరుల రేటు పెరుగుడేంది?" అన్నాడు వెనక ఆటోవాడు.

"యుద్ధం ఆగినంక తగ్గిందా మరి? పెరిగితే రూపాయలు, తగ్గితే పైసలు. ఢిల్లీ వాళ్ళు ఇంత, హైదరాబాదు వాళ్ళు ఇంత మింగుతుండ్రు. నడుమ మన నోట్ల మన్ను!" అన్నాడు అనంతయ్య.

ఢిల్లీ దూరం. హైదరాబాదూ దూరమే. దగ్గరున్నది రేఖ. నీలం చొక్కా యూనిఫారం వేసుకుని, పెట్రోలు పైపు పట్టుకుని మిషన్ దగ్గర నిలబడే పిల్ల. రేటు పెరిగిన ప్రతిసారీ తిట్లన్నీ ఆమెకే.

పోయినసారి ఆటోలవాళ్ళంతా చుట్టుముట్టి ఒకటే లొల్లి. ఎవడో ఆమె చేతిలోంచి పైపు గుంజేశాడు. పెట్రోలు నేలపాలైంది. అరిచినవాళ్ళలో అనంతయ్యా ఉన్నాడు. ఓనరు మాత్రం రేఖనే పట్టుకున్నాడు.

"గిరాకీలను సముదాయించుడు చాతగాదు నీకు. ఇంకోసారి నీ మిషన్ కాడ గిట్లయితే పని బంద్ జేస్కో. మొగోణ్ణి పెట్టుకుంట!" అని అందరి ముందే అనేశాడు. "ఈ జీతం లేకుంటే మా ఇంట్ల పొయ్యి అంటుకోదు సారూ" అని ఆమె బతిమాలుకోవడం అనంతయ్య చెవులారా విన్నాడు.

విన్నాడు సరే, కడుపు మండిననాడు అవన్నీ గుర్తుంటేగా! ఏమనాలో లైనులోనే తయారు చేసుకున్నాడు. బండి ముందుకు నెట్టాడు.

"ఎంత గొట్టాలె అన్నా?" అంది రేఖ.

అతను నోరు తెరిచాడో లేదో, పక్కనుంచి ఒక ఆటో లైను తప్పించుకుని బర్రున దూసుకొచ్చి అడ్డంగా ఆగింది. గద్వాల వైపు తిరిగే బండి. అద్దం మీద 'బుచ్చన్న' అని ఎర్రటి అక్షరాలు. ఈ బంకుకు కొత్త మొహం. దిగీదిగకముందే విరుచుకుపడ్డాడు.

"ఏందిది? రేటా, దోపిడా? మీకంటే దొంగలు నయం!"

"రేటు నా చేతిల లేదు. పొద్దుగాల కంపెనోళ్ళే మారుస్తరు," అంది రేఖ. అందరినీ అన్నా అనే పిల్ల వీణ్ణి మాత్రం అనలేదు. ఎందుకంటుంది, ఇట్లాంటివాణ్ణి?

"చేతిల లేదంట! పైపు మాత్రం నీ చేతిలనే ఉన్నది గద! నోరు జూడు దీనిది. ఏం మనిషివే నువ్వు? నిన్ను జేసుకున్నోడెవడో గాని, వాని ఖర్మ కాలిపోయినట్టే!"

లైనంతా బిత్తరపోయింది. రేఖ తల దించుకుంది.

అనంతయ్య తయారు చేసుకున్న తిట్లు గొంతులోనే ఉండిపోయాయి. ఇంచుమించు అవే మాటలు ఇంకొకడి నోట వింటుంటే సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఏయ్, నోరు సంబాళించుకో! ఆడమనిషితోని మాట్లాడే తీరేనా ఇది? ఆ పిల్ల పెంచిందా రేటు?"

"నడుమ నువ్వెవనివయ్యా? నీకేమైతది ఆమె?"

"నా చెల్లెలనుకో! ఇంకో మాటన్నవంటే పండ్లు రాలగొడ్త బిడ్డా!"

వెనకున్నవాళ్ళూ బండ్లు దిగొచ్చారు. "ఆమె ఏం జేస్తది పాపం, జీతానికి జేసే పిల్ల!" అని తలా ఒక మాట అందుకున్నారు. పోయినసారి పైపు గుంజినవాడే ఈసారి బుచ్చన్న కాలరు పట్టి గుంజాడు.

అద్దాల గదిలోంచి ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "మళ్ళ లొల్లేనా? రేఖా, నీకు మొన్ననే చెప్పిన్నా లేదా?"

"ఆమెను ఒక్క మాటనకు సేటూ!" అనంతయ్య అడ్డం తిరిగాడు. "తప్పంతా వీనిది. ఆ పిల్లను పనిలకెళ్ళి తీసినవనుకో, ఈ లైనుల ఒక్క బండి నీ బంకుకు రాదు. అందరం ఎదురు బంకుకు పోతం!"

ఓనరు లైను పొడుగు చూశాడు. "తీసేస్తనని ఎవరన్నరు?" అని గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

బుచ్చన్న పెట్రోలు పోయించుకోకుండానే బండి తిప్పుకుని ఉడాయించాడు. లైను కుదురుకుంది. ఆ తర్వాత ఒక్కడూ రేటు ఊసెత్తలేదు. ఇచ్చింది తీసుకుని, పోసింది పోయించుకుని, మర్యాదగా వెళ్ళిపోయారు. "ఫికర్ జెయ్యకు చెల్లె, మేమున్నం," అన్నాడు అనంతయ్య. టైర్లలో గాలి పట్టించుకోవడానికి బండి పక్కకు పెట్టుకున్నాడు.

లైను ఖాళీ అయ్యాక రేఖ మొహం కడుక్కోవడానికి బంకు వెనక్కి పోయింది. అప్పుడు కనపడింది అనంతయ్యకు, వెనక గోడ చాటున ఆగి ఉన్న గద్వాల ఆటో. లంగ వెధవ! పిల్ల ఒంటరిగా దొరుకుతుందని కాచుకుని కూర్చున్నాడన్నమాట. సీటు కింది పానా చేతికి తీసుకున్నాడు. ఇవాళ వాడో తనో తేలిపోవాలి అనుకుంటూ గోడ మలుపు దాకా ఉరికాడు.

గోడ అవతల రేఖ తన చున్నీతో బుచ్చన్న మొహం మీది చెమట తుడుస్తూ, "పిల్లగాండ్లను బడికి మీ అమ్మ తోలిస్తదిగాని, రేపు గూడ పెరుగుతదంట, నువ్వు జర ముందుగాలనే వచ్చి తిట్టయ్యా, ఇయ్యాల ఇంకొంచెమైతే ఆ అనంతయ్యన్న మొదలువెడుతుండె" అంటోంది.