నీళ్ళలో ఐదు దెబ్బలు

మొదటి దెబ్బకు టైలర్ ముక్కు చితికింది. రెండో దెబ్బకు నోట్లోంచి నెత్తురు బుడబుడమని వచ్చి ఉప్పునీళ్ళలో కలిసింది. మూడోది దవడ మీద పడేసరికి మనిషి బుడుంగున మునిగాడు. ఈత మాస్టారు జుట్టు పట్టి పైకి లాగి, ఒక్కసారి ఊపిరి తీసుకోనిచ్చి, మళ్ళీ కొట్టాడు.

"ఒరేయ్, చచ్చిపోతాడ్రా! వదలరా!" ఒడ్డున వాళ్ళ స్నేహితుడు బస్సు డ్రైవర్ గొంతు చించుకుంటున్నాడు. అతనికి ఈత రాదు. మోకాలి లోతు దాకా పరిగెత్తడం, అల కొట్టగానే వెనక్కి రావడం, అదే పనిగా ఉంది.

ఐదో దెబ్బకు టైలర్ కాళ్ళూ చేతులూ వేలాడేశాడు. మాస్టారు అతన్ని వెల్లకిలా తిప్పి, గడ్డం కింద చెయ్యి వేసి ఒడ్డుకు లాక్కొచ్చాడు. పై పళ్ళు రెండు లేవు. అప్పటికే చుట్టూ ఉన్న జనం ఫోన్లలో అంతా తీసేశారు. ఇద్దరు పోలీసులు వచ్చి మాస్టారిని బోర్లా పడేసి, నడుం మీద మోకాలు పెట్టి, బేడీలు వేశారు. ఇసుకలో నోరు కూరుకుపోయినా అతను అరుస్తూనే ఉన్నాడు.

"నన్ను తర్వాత చంపండిరా! ముందు మా బావ కడుపులో నీళ్ళు కక్కించండి!"

ముగ్గురూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. పన్నెండేళ్ళ కింద మాస్టారు తన చెల్లెల్ని టైలర్‌కిచ్చి పెళ్ళి చేశాడు. అప్పట్నుంచి 'ఒరేయ్' పోయి 'బావా' వచ్చింది, అంతే తేడా. విదేశం చూసొద్దామన్న ఆలోచన మాస్టారిదే. చెల్లెలూ రావలసింది గానీ, రెండు నెలల ముందు చెయ్యి విరిగి కట్టు పడడంతో ఆగిపోయింది. ఆమెకు బదులు డ్రైవర్ బయల్దేరాడు.

నాలుగు రోజులు నవ్వులతోనే గడిచాయి. ఒక ఊరికని రైలెక్కి ఇంకో ఊళ్ళో దిగారు. టైలర్ ముందు నడిచేవాళ్ళ కోట్ల కుట్లు చూసి వంకలు పెట్టాడు. ఐదో రోజు పొద్దున్నే మాస్టారు, "నా బావవై ఉండి ఈత రాదంటే నా పరువేం కావాలి? రా, నేర్పిస్తా," అని టైలర్ భుజం మీద చెయ్యి వేసి సముద్రంలోకి తీసుకెళ్ళాడు.

పోలీసు స్టేషన్లో ఒక ఆఫీసరమ్మ ఫోను బల్ల మీద పెట్టి తన భాషలో అడిగింది. ఫోను దాన్ని తెలుగు చేసి చదివింది.

"మీరు ఆ పురుషుని ఏల హింసించితిరి?"

ఇంకెప్పుడైనా అయితే డ్రైవర్ పడీ పడీ నవ్వేవాడే.

"హింసించలేదమ్మా, కాపాడాను," అన్నాడు మాస్టారు. "లోతులో కాలు అందక నన్ను కావిలించుకున్నాడు. మునిగేవాడు దొరికినవాణ్ణి వదలడు, ఇద్దరూ పోతారు. అలాంటప్పుడు కొట్టి లొంగదీసి లాక్కురావాలి. నాకు ఈత నేర్పిన గురువు నేర్పిన పద్ధతే ఇది."

తీరంలో కాపలా ఉండే ముసలి ఈతగాణ్ణి పిలిపించారు. అతను వీడియో రెండుసార్లు చూశాడు. పాత రోజుల్లో తామూ అలాగే చేసేవాళ్ళమనీ, ఇప్పుడా పద్ధతి మానేశారనీ చెప్పాడు. అయినా ఒక్క దెబ్బ చాలు, ఐదెందుకని అడిగాడు.

"వాడి పట్టు మీకు తెలీదు," అన్నాడు మాస్టారు.

ఆఫీసరమ్మ డ్రైవర్ వైపు తిరిగింది. వీళ్ళ మధ్య పగ ఏమైనా ఉందా అని ఫోను అడిగింది.

"పగా! ఒకే కంచంలో తిన్నవాళ్ళండీ వీళ్ళు. ప్రాణం పోసినవాడికి బేడీలేంటమ్మా?" డ్రైవర్‌కి ఏడుపొచ్చేసింది. చెప్పింది నిజమేనని అతని నమ్మకం. కానీ ఆ ఐదు దెబ్బలూ కళ్ళు మూసినా కనిపిస్తున్నాయి.

ఆమె తేల్చి చెప్పింది. దెబ్బలు తిన్న మనిషి మాటే సాక్ష్యం. చంపబోయాడన్నాడా, మాస్టారికి పదేళ్ళు జైలు.

ఆస్పత్రిలో టైలర్ మొహం గుర్తుపట్టేలా లేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ముక్కు నిండా దూది. బేడీలతో గుమ్మంలో నిలబడ్డ మాస్టారిని చూడగానే దుప్పటిని గుప్పిట్లో బిగించాడు. దెబ్బల నొప్పికి పాపం వణికిపోతున్నాడనుకున్నాడు డ్రైవర్.

"నిజము పలుకుడు," అంది ఫోను. "ఇతడు మిమ్ము రక్షించెనా? చంపబూనెనా?"

టైలర్ ఆ ఫోను వంక చూడనైనా లేదు. తెరిచున్న ఆ ఒక్క కన్నూ మాస్టారి మొహం మీదే ఉంది. డ్రైవర్ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాడు.

"చెప్పరా, నోరు విప్పరా!" అన్నాడు డ్రైవర్ ఉండబట్టలేక.

"నిన్నెందుకు చంపుతాను బావా? చెప్పు, అమ్మగారు అడుగుతున్నారు," అన్నాడు మాస్టారు నెమ్మదిగా.

టైలర్ వాచిన పెదవులు కదిలాయి.

"కా... కాపాడాడు."

ఆఫీసరమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. కాగితం మీద వేలిముద్ర తీసుకుని, బేడీలు విప్పి, మాస్టారితో చెయ్యి కలిపి మరీ వెళ్ళింది. డ్రైవర్ అతన్ని గట్టిగా కావిలించుకుని, "ఒక్క క్షణం నిన్ను అనుమానించాన్రా, నా చెంప వాయించు," అని ఏడ్చి, కళ్ళు తుడుచుకుంటూ మందులు తేవడానికి కిందికి దిగాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు తలుపు దగ్గరగా వేసి వచ్చి, బావ తల కింద దిండు సరిచేశాడు. పెదవి మీద నెత్తురు దూదితో మెల్లగా అద్దాడు. చెవి దగ్గరికి వంగాడు.

"మా చెల్లిని ఇంకోసారి కొట్టావంటే, మళ్ళీ ఇలాగే కాపాడతాను బావా."