కంకర దారి

కంకర మీద వట్టికాళ్లతో పరుగెత్తుతున్నా మాస్టారి ముఖంలో చిన్న ముడత కూడా పడదు. పార్కుకి వచ్చేవాళ్లు ఆగి మరీ చూసేది అందుకే.

బడిలో డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. కొన్నాళ్లుగా చెప్పులు మానేశాడు. పొద్దున్నే పరుగు, రాగానే నీళ్లలో గరిటెడు తేనె, మధ్యాహ్నం చెంబుడు పళ్లరసం. మందుబిళ్ల ఇంట్లో కనబడకూడదు. పరీక్షలు రోగిష్టివాళ్లకి గానీ తనకెందుకంటాడు. ఈ మధ్య సన్నబడి కుర్రాడిలా అయ్యారని నలుగురూ అనేసరికి ఇక పట్టపగ్గాల్లేవు.

"నొప్పి కాళ్లలో ఉండదు, బుర్రలో ఉంటుంది" అని శిష్యులకి పాఠం చెప్పేవాడు.

ఆ పాఠానికి మొదట బలైంది భార్య. ఆవిడ చెప్పులన్నీ చెత్తబండిలో పడేశాడు. కంకర మీద నాలుగడుగులు వేస్తే చాలు, ఆవిడ ప్రాణం విలవిల్లాడేది. మా ఆవిడని దూదిలో పెట్టి పెంచారు పాపం అని ఆయన పదిమందినీ నవ్వించేవాడు. ఆవిడా నవ్వేది. ఇంటికొచ్చాక కాళ్ల మీద చన్నీళ్లు పోసుకుంటూ ఏడ్చేది. మొగుడి మీద కన్నా తన కాళ్ల మీదే ఆవిడకి కోపం.

వచ్చే ఆదివారం కాలనీవాళ్లంతా కంకర దారిలో పరుగెత్తాలి. ముందు మాస్టారు, పక్కన భార్య. కుంటావంటే నా పరువు పోతుందని ముందే హెచ్చరించాడు. ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది.

శుక్రవారం పొద్దున హాల్లో నేల మీద రక్తపు మరకలు కనబడ్డాయి. గుడ్డతో తుడుచుకుంటూ పోతే అవి మాస్టారి కుర్చీ దగ్గర ఆగాయి. ఆయన తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. మడమలో గాజుపెంకు దిగబడి ఉంది.

"ఏమండీ, మీ కాలు" అంది గుడ్డ వదిలేసి.

ఆయన వంగి చూసి, ఓస్ ఇంతేనా అని పీకి పారేశాడు. ఏం మనిషి ఈయన, ఏం మనిషిని నేను అనుకుందావిడ. సిగ్గేసింది.

బతిమాలి బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్లింది. కట్టు కట్టించుకుని వచ్చేద్దాం, ఆదివారం పరుగు ఆగకూడదన్న షరతు మీద ఆయన కదిలాడు.

"ఇదే మా ఆవిడకైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేది" అన్నాడు డాక్టరుతో.

డాక్టరు నవ్వలేదు. గాయం కడిగి, పాదాలు రెండూ తిప్పి తిప్పి చూశాడు. షుగరు పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగితే, రోజూ పరుగెత్తేవాడికి షుగరేమిటండీ అన్నాడు మాస్టారు.

"కళ్లు మూసుకోండి. సూదితో గుచ్చుతాను. తగలగానే చెప్పండి."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఓర్చుకోవడమంటే ఏమిటో చూసి నేర్చుకోమని భార్యకి చెప్పాడు. ఆవిడ చూస్తూనే ఉంది. చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి ఆయనకి విసుగొచ్చింది.

"మొహమాటమెందుకు డాక్టరుగారూ, గుచ్చండి" అన్నాడు.

అప్పటికే డాక్టరు ఆయన రెండు పాదాలూ వేళ్ల దగ్గర్నుంచి మడమల దాకా గుచ్చి చూసి, సూది పక్కన పెట్టేశాడు.