రెండు గంటల పుస్తకం

"మేడం, రబ్బరు తాతయ్య ఇవాళ కూడా పుస్తకం వదల్లేదు!"

లైబ్రరీ గుమ్మంలో ఐదుగురు నర్సింగు అమ్మాయిలు నిలబడి మొరపెట్టుకున్నారు.

శరీరశాస్త్రం చెప్పే మేడంకి ఒళ్లు మండింది.

కాలేజీ మొత్తానికి ఆ శరీరశాస్త్రం పుస్తకం ఒక్కటే కాపీ. లైబ్రరీ దాటి బయటికి పోదు. మనిషికి రెండు గంటలు ఇస్తారు, వెనక ఎవరూ అడగకపోతే ఇంకో రెండు గంటలు. క్లాసులో నలభై ఇద్దరుంటే సొంతంగా కొనుక్కున్నది ఏడుగురు. మిగతా వాళ్లు ఎక్కడెక్కడో పనులు ముగించుకుని ఆదరాబాదరా పరుగెత్తుకొచ్చి ఆ రెండు గంటల కోసం కాచుకుంటారు. పోనీ పాత కాపీలు వెతుక్కుందామంటే ఏటా కొత్త ముద్రణ వేస్తారు. మనిషి ఎముకలు ఏటా మారతాయా ఏం? మారేవి పేజీ నంబర్లు, ధర.

చుట్టుపక్కల వాళ్లెవరైనా వచ్చి చదువుకోవచ్చని కాలేజీ నియమం. ఆ నియమం పట్టుకుని నెలన్నరగా దిగబడుతున్నాడా పెద్దాయన. తలుపు తీయగానే వచ్చి పుస్తకం తీసుకుని, కిటికీ లేని మూల గదిలో కూర్చుంటాడు. రెండు గంటలు దాటినా మొహమాటం కొద్దీ లైబ్రేరియన్ లేపడు.

మేడం వెళ్లేసరికి పెన్సిలుతో కిడ్నీ బొమ్మ వేస్తున్నాడు. చక్కగా వచ్చింది. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాడు.

"ఛ! మళ్లీ అచ్చం ఇలాగే వచ్చింది" అని రబ్బరు తీసి మొత్తం చెరిపేశాడు.

కుదిరిన బొమ్మను చెరుపుకునే మనిషిని మేడం అంతవరకు చూడలేదు.

"ఏమండీ పెద్దాయనా, ఏం చదువుతున్నారు?"

"చదవడం కాదమ్మా. సరిచూసుకుంటున్నాను."

"బొమ్మలు దిద్దుకోవడానికి మీకు ఇదే పుస్తకం దొరికిందా? అవతల పిల్లలు పరీక్షలు నెత్తిన పెట్టుకుని పడిగాపులు కాస్తున్నారు."

ఆయన గుమ్మం వైపు చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఇంకొక్క వారం ఓపిక పట్టండమ్మా. నా పని అయిపోతుంది."

"మీ కాలక్షేపం కోసం వాళ్లు వారం రోజులు చదువు మానుకోవాలా?"

లైబ్రేరియన్ మెల్లగా గొణిగాడు. "మీరు కాగితం మీద రాసిస్తే ఆయన కార్డు ఆపేస్తాను మేడం. పెద్దమనిషిని పొమ్మని నా నోటితో నేను అనలేను."

మేడం నిలబడే రాసిచ్చింది.

ఆయన బల్ల మీది రబ్బరు పొట్టంతా అరచేతిలోకి ఊడ్చుకున్నాడు. "పిల్లల తర్వాతే లెండి ఎవరైనా" అని వెళ్లిపోయాడు. మళ్లీ కనబడలేదు.

నిజానికి మేడం కోపమంతా ఆయన మీది కాదు. ప్రిన్సిపాల్ బల్ల మీద పుస్తకాల కంపెనీ ఒప్పందం కూర్చుని ఉంది. నెలాఖరులోగా సంతకం పెడితే మరో మూడేళ్లు అదే పుస్తకం. దానికి విరుగుడు ఆమెకు ఇంటర్నెట్లో దొరికింది. అదే పాఠం, ఇంకా తేలికైన మాటల్లో, పూర్తిగా ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు. రాసినవాళ్ల పేరు లేదు, ఒక మెయిల్ అడ్రసు మాత్రం ఉంది. కమిటీ కూడా సరేనంది, సిలబస్ మొత్తం ఉండాలన్న ఒక్క షరతు మీద.

పన్నెండు అధ్యాయాల్లో పది ఉన్నాయి. మిగతా రెండూ నెలాఖరుకి పెడతానని జవాబొచ్చింది. మేడం ఆ మాటే పట్టుకుని ఆశగా రోజులు లెక్కపెట్టింది. పదకొండోది రాలేదు.

ఆఖరి రోజు కమిటీ కూర్చుంది.

"ఏం మేడం, మీ ఉచిత పుస్తకం పూర్తయిందా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఒక్క వారం గడువివ్వండి సార్."

"కిడ్నీల్లేని మనిషిని చూపించి నర్సుల్ని తయారుచేద్దామంటారా?"

అందరూ నవ్వారు.

"ఆ రెండు అధ్యాయాలూ నేనే రాస్తాను సార్."

"ఎప్పుడు రాస్తారు? వారానికి ఇరవయ్యారు క్లాసులు మీవి. ఇవాళ సంతకం కాకపోతే ఉన్న పుస్తకమూ రాదు. పిల్లలకు ఏం చెబుతారు?"

మేడం మనసులో రోజులు లెక్కేసుకుంది. ఎటూ దారి లేదు. ఆ పాఠం చెప్పేది ఆమే కాబట్టి కాగితం ఆమె ముందుకు జరిపారు. సంతకం పెట్టింది. నలభై ఇద్దరినీ, వాళ్ల వెనక రాబోయే వాళ్లనూ తన చేత్తోనే గదిలో పెట్టి గొళ్లెం వేసినంత బాధ కలిగింది.

బయట మెట్ల మీదికి వచ్చేసరికి ఫోన్ మోగింది. "ఆశపెట్టి మొహం చాటేశారు" అని పొద్దున కోపంగా పంపిన మెయిల్‌కి జవాబు.

"క్షమించండమ్మా. రెండు అధ్యాయాలూ రాయడం ఎప్పుడో అయిపోయింది. కానీ ఒక్క బొమ్మ, ఒక్క వాక్యం మీరిప్పుడు వాడుతున్న పుస్తకంలా ఉన్నా కంపెనీ వాళ్లు కోర్టుకి లాగుతారు. దాన్ని పక్కన పెట్టుకుని సరిచూడకుండా బయటికి వదల్లేను. కొనే స్తోమత లేక ఒక కాలేజీ లైబ్రరీలో చూసుకునేవాణ్ణి. పిల్లలకు అడ్డమని అక్కడి టీచరమ్మ వద్దన్నారు. ఆవిడ తప్పేమీ లేదు."

మేడం మెట్ల మీదే కూర్చుంది. కళ్లు మసకబారాయి. తుడుచుకుని మిగతాది చదివింది.

"అన్ని పోలికలు ఎందుకు వస్తాయని మీకు అనుమానం రావచ్చు. వయసులో ఉన్నప్పుడు ఆ పుస్తకం రాసి, బొమ్మలు గీసి, హక్కులన్నీ వాళ్లకు రాసిచ్చింది నేనే తల్లీ, ఇప్పుడు చెయ్యి ఎటు తిప్పినా ఆ బొమ్మే వస్తోంది."