మధ్యలో మనిషి

ఢామ్మని శబ్దం వచ్చింది. ఇల్లంతా చీకటైపోయింది.

"మళ్లీ పేల్చావా నాయనా?" వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"పేలలేదమ్మా. ఫ్యూజు పోయిందంతే."

"అంతేనా! నాకు పై ప్రాణాలు పైనే పోయాయి."

చిన్న కొడుకు మోటార్లకు తీగ చుట్టే షాపులో పని చేస్తాడు. చేతిలో పనితనం ఉంది కదా అని, తన రేడియో సెట్టు శక్తి పెంచే యాంప్లిఫయరును తనే కడుతున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ కూడా తనే చుట్టుకున్నాడు.

అతనికి కావలసింది ఒక్కటే. తల్లి తన పెద్ద కొడుకు గొంతు వినాలి.

పెద్ద కొడుకు ఫోన్లు అందని దీవిలో లైట్‌హౌస్ కాపలాదారు. అన్నదమ్ములిద్దరికీ దూరాల నుంచి మాట్లాడుకునే హామ్ రేడియోలున్నాయి. రోజూ సాయంత్రం మాట్లాడుకునేవాళ్లు. తల్లి పక్కన కూర్చుని వినేది.

ఏడాదిగా అన్న పలకడం లేదు. అతని బదులు ఇంకెవరో పలుకుతున్నాడు.

"ఇక్కడ హోరెక్కువ. మీ సిగ్నల్ మీ అన్న చెవిన పడట్లేదు. నేను పక్క దీవిలో ఉన్నాను, నాకు పడుతోంది. మీ మాట ఆయనకు, ఆయన మాట మీకు చేరవేస్తాను. ఓవర్."

హామ్ రేడియో వాళ్లకు ఇది మామూలే. అందని మాటను మధ్యలోవాడు అందిస్తాడు. కానీ ఈ మనిషి తన గుర్తింపైన కాల్ సైన్ పైకి చెప్పకుండా గొణిగేసేవాడు. బొంగురు గొంతు. రేడియో హోరులో సగమే అర్థమయ్యేది. చెప్పేది కూడా రోజూ ఒకటే పాట.

"మీవాడు బాగున్నాడమ్మా. వేళకు తింటున్నాడు."

"పెళ్లి సంబంధానికి కూడా ఇంతకాలం మధ్యవర్తి ఉండడు కదరా," అని మొదట్లో తల్లి నవ్వేది. దాంతో అతనికి మధ్యవర్తి అన్న పేరు ఖాయమైపోయింది.

తర్వాత ఆమె నవ్వడం మానేసింది.

"ఒక్కసారి వాడి గొంతు వినిపించరా. వాడు బాగున్నాడని ఎవరో చెబితే నాకు నమ్మకం కుదరట్లేదు."

అందుకే ఈ యాంప్లిఫయరు. తన మాట అన్నకు సూటిగా వినిపిస్తే, అన్నే సూటిగా బదులిస్తాడు.

ఫ్యూజు మార్చి మళ్లీ స్విచ్ వేశాడు. ఈసారి యాంప్లిఫయరులోని గాజు ట్యూబు లోపలి ప్లేటు ఎర్రగా కాలింది. మైకులో ఒక్క ముక్కైనా మాట్లాడకముందే!

పాత సెట్టు మీద ఆ సంగతి మధ్యవర్తితో అన్నాడు.

"ముట్టుకోకు!" మధ్యవర్తి గొంతు లేచింది. "స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కరెంటు మిగిలే ఉంటుంది. ఎర్తు తీగ కట్టిన కర్రతో తాకించి, ఖాళీ అయిందని మీటర్లో చూశాకే చెయ్యి పెట్టు. ఎడమ చెయ్యి జేబులో ఉంచుకో. విన్నావా?"

"చూశావా అమ్మా, 'మీరు' మానేసి 'నువ్వు'లోకి దిగాడు," అని గొణిగి, మైకు నొక్కాడు. "విన్నాను లెండి. ప్లేటెందుకు కాలుతోంది?"

"లోపలికి ఏమీ పంపకపోయినా ట్యూబు తనంతట తనే కూస్తోంది. ప్లేటుకెళ్లే తీగలో ఒక రెసిస్టరు పెట్టి, దాని చుట్టూ నాలుగు చుట్లు లావు తీగ వెయ్యి. ఊరుకుంటుంది."

వేశాడు. ఊరుకుంది.

మర్నాడు సాయంత్రం యాంప్లిఫయరు పని చేసి మీటరు ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. పక్కింటి టీవీలో గీతలు పడ్డాయని గోడ అవతలి నుంచి తిట్లు కూడా వినపడ్డాయి. తల్లి జుట్టు సవరించుకుని, కొడుకు తనను చూస్తాడన్నట్టు కూర్చుంది.

"అన్నా, వినపడుతోందా? ఓవర్."

హోరు.

ఆ తర్వాత మధ్యవర్తే. "గోడలదిరేలా వినపడుతోంది. బాగా కట్టారు. కానీ మీ అన్న ఇవాళ... దీపం దగ్గరున్నాడు."

మర్నాడూ దీపమే. ఆ తర్వాత జలుబు. ఆపైన సెట్టు పాడు.

చిన్న కొడుక్కి ఒళ్లు మండింది. "నా సిగ్నల్ మా అన్నకు అందుతోంది. నువ్వే పలకనివ్వట్లేదు. మా ఇంటి మాటలు వినడం అలవాటైపోయిందా? ముందు నీ కాల్ సైన్ చెప్పు!"

తల్లి మైకు లాక్కుంది. ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా బయటికొచ్చేసింది.

"నీకూ ఒక తల్లి ఉండే ఉంటుంది కదయ్యా. నీ గొంతు నాకొద్దు. మా మధ్యలోంచి తప్పుకో. నా బిడ్డ మాట నన్ను విననీ."

హోరు మధ్యలో ఒకసారి దగ్గు వినిపించింది.

"సరేనమ్మా. ఇంక రాను."

అన్నట్టే రాలేదు. అన్న కూడా రాలేదు. రోజూ సాయంత్రం యాంప్లిఫయరు వేడెక్కేది, తల్లి గొంతు నొప్పెట్టేదాకా పిలిచేది. చిన్న కొడుకు పక్కన కూర్చుని ముల్లు లేచి పడటం చూస్తుండేవాడు. లేనిపోని పని చేశానేమో అని అతనికి దిగులు పట్టుకుంది.

నెల తిరక్కుండానే, దీవికి సరుకులు చేరవేసే లాంచీ నడిపేవాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. టోపీ తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెద్ద కొడుకు పోయాడని చెప్పాడు.

"గొంతులో క్యాన్సరమ్మా. ఏడాది కిందట ఆపరేషనైంది. నేనే తీసుకెళ్లి తీసుకొచ్చాను. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

తల్లికి ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది.

"చివరిదాకా నా బిడ్డ గొంతు నన్ను విననివ్వలేదు, ఆ మధ్యవర్తి! పక్క దీవిలో ఉంటాడట. వాడెవడో నీకు తెలుసా?"

లాంచీ అతను తలెత్తలేదు.

"పక్క దీవిలో మనుషుల్లేరమ్మా. ఆపరేషనయ్యాక మిగిలిన ఆ బొంగురు గొంతు తనదని తెలిస్తే మీరు తట్టుకోలేరని, పరాయివాడిలా రోజూ మీతో మాట్లాడింది మీవాడే."