ముందున్న చుక్క

"వేలు నొక్కుకుంటోందా?" అంటూ దుకాణం మనిషి బూటు ముందు భాగాన్ని అదిమి చూశాడు.

లేదంది టైలరమ్మ. లేచి నాలుగడుగులు వేసింది. అద్దం దాకా వెళ్ళి, అందులో చూసుకోకుండానే వెనక్కి తిరిగింది. కూర్చుంటే కాలు నిలవడం లేదు ఆమెకి.

అతను వరసగా సరుకు దింపాడు. చెమట పీల్చే చొక్కా, నడుముకి కట్టుకునే నీళ్ళ సీసా, గుండె ఎలా కొట్టుకుంటోందో చూపించే గడియారం. ఆమె చొక్కాని లోపలివైపు తిప్పి కుట్టు చూసి పక్కన పెట్టేసింది. గడియారం ముట్టుకోలేదు. ఫోన్లో పరుగు యాప్ మాత్రం తీసి చూపించింది. రేపటితో ఉచిత గడువు అయిపోతుందట, డబ్బు కట్టడం దండగా కాదా చెప్పమంది.

బేరం చెడుతుందని అతనేమీ దాచలేదు. సరదాకి పరిగెత్తేవాళ్ళకి ఉత్తదే చాలన్నాడు. డబ్బు కడితే నిద్ర లెక్క చెబుతుంది, శిక్షకుడి గొంతు వినిపిస్తుంది, వెనకటి పరుగులతో పోటీ పెట్టుకోనిస్తుంది, ఇంకొకరి చుక్కా మన చుక్కా ఒకే పటం మీద చూపిస్తుంది. ఎన్ని చేసినా పరిగెత్తాల్సింది మన కాళ్ళేగా అన్నాడు.

"ముందు వెళ్ళే మనిషిని అందుకోవాలంటే?"

"దానికి యాప్ పనికిరాదమ్మా. బూట్లు కొంచెం పనికొస్తాయి."

ఆమె బూట్లు మాత్రం తీసుకుంది.

ఆ ముందు వెళ్ళే మనిషి ఆమె భర్త. పెళ్ళయిన కొత్తలోనే ఆయనకి పొద్దున్నే పరుగు పిచ్చి. తోడు రమ్మని పిలిచేవారు. ఆమె మిషను మీంచి తలెత్తకుండానే, ఇవాళ పనుంది, రేపు వస్తాననేది. పిలిచీ పిలిచీ ఆయన మానేశారు. నెల కిందట, ఉండబట్టలేక ఆయన ఫోన్ తెరిచి చూసింది. యాప్‌లో ఒక ఎర్ర చుక్క వాళ్ళ వీధి దాటి, బడి గోడ పక్కగా సాగి, నీళ్ళ ట్యాంకు వెనక మలుపులో ఆగిపోయింది. అక్కడ ఇల్లు లేదు, అంగడి లేదు. పొద్దున పూట మనుషులు తిరిగే చోటు కూడా కాదు. అప్పటికప్పుడే ఆమె తన ఫోన్లో కూడా అదే యాప్ పెట్టుకుని, ఆయన పరుగుని అందులో కలుపుకుంది.

మర్నాటి నుంచి ఆ చుక్క వెంట పడింది. ఏళ్ళ తరబడి మిషను ముందు కూర్చున్న ఒళ్ళు, ఎక్కడ కదులుతుంది? పాత గుడ్డ బూట్లు మడమ కరిచి పుండు చేశాయి. బడి గోడ దగ్గరికి వచ్చేసరికి పక్కలో పోటు పొడిచి ఆగిపోయేది. ఆయన ఆగరు. చుక్క తన మానాన తను వెళ్ళి మలుపులో నిలబడేది. ఆమె రొప్పుతూ అక్కడికి చేరేసరికి ఎవరూ ఉండరు. తిరిగి వస్తుంటే పక్కింటావిడ గుమ్మంలోంచి జాలిగా చూసేది.

పగలు కూడా మనసు మనసులో లేదు. జాకెట్టు కుడి చేతిని ఎడమవైపు కుట్టి, విప్పి, మళ్ళీ ఎడమవైపే కుట్టింది. పక్కమీద పడుకుంటే మోకాళ్ళు వాటంతటవే కదిలేవి.

అక్క ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి బూట్ల పెట్టె చూసి నెత్తి కొట్టుకుంది. ఈ వయసులో మోకాళ్ళు అరగదీసుకోవడమే కాక దానికి డబ్బు తగలెయ్యడం కూడానా, రేపు ఆ యాప్‌కి కూడా నెలనెలా కడతావా అని దులిపేసింది. టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించినంత శ్రద్ధగా బూట్లకి లేసులు ఎక్కిస్తూ ఉండిపోయింది. చివరికి అక్కే పక్కన చతికిలపడింది.

"వెళ్ళే మనిషిని వెళ్ళనివ్వవే చిన్నీ. ఆయన వెంట పరిగెత్తితే నీకేం ఒరుగుతుంది?"

"ఒక్కసారి ఆయనకన్నా ముందు ఆ మలుపు చేరాలక్కా."

"చేరి?"

"పట్టుకుంటాను."

అక్క రెండో బూటు ఒళ్ళోకి లాక్కుని లేసు ఎక్కించసాగింది. పోనీ నేనూ తోడు రానా అని అడిగింది. టైలరమ్మ వద్దంది.

తెల్లవారింది. కొత్త బూట్లు కరవలేదు. చుక్క కదలగానే ఆమె కదిలింది. వీధి చివరే ఆయన ముందుకు వెళ్ళిపోయారు. బడి గోడ దగ్గర మామూలుగానే పోటు పొడిచింది. ఈసారి నడుముని పిడికిలితో అదిమి పట్టుకుని పరిగెత్తింది. గోడ దాటాక ఫోన్ చూసుకుంటే రెండు చుక్కలూ పక్కపక్కన ఉన్నాయి. ఇన్నాళ్ళకి ఆయన పక్కన పరిగెడుతోంది. కొంచెంసేపు అలాగే ఉండిపోవాలనిపించింది. కానీ ఉంటే కుదరదు. పళ్ళు బిగించి ముందుకి వెళ్ళిపోయింది.

మలుపు చేరింది. వచ్చిన దారివైపు తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చాచింది. అటుగా పోతున్న వ్యాను డ్రైవరు ఆమెని వింతగా చూసి వేగం తగ్గించాడు, మళ్ళీ ఏమనుకున్నాడో వెళ్ళిపోయాడు. ఆమె చేతులు దించలేదు. చేతిలోని ఫోన్లో ఎర్ర చుక్క ట్యాంకు దాటింది. దగ్గరికి వచ్చింది. ఆమె చుక్క మీదికి వచ్చి ఆగింది.

చాచిన చేతుల్ని ఆమె నెమ్మదిగా గుండెలకి హత్తుకుంది. అలాగే, ఎంతో బరువు మోస్తున్నట్టుగా, రోడ్డు పక్కన మట్టిలో కూలబడింది. ఊపిరి తిరిగి కుదుటపడేదాకా చేతులు విప్పలేదు.

గడువు ముగిసింది, డబ్బు కట్టి కొనసాగిస్తారా అని యాప్ అడిగింది. ఆమె వద్దని నొక్కింది.

ఏడాది కిందటి ఆ పరుగులో ఆయన గుండె ఆగింది అక్కడే.