నలభై నిమిషాలు

"అమ్మా, ఇంకొక్కసారి చెప్తావా? రికార్డ్ అవలేదు."

అమ్మ అరచేత్తో కళ్లు తుడుచుకుంటూ ఆగిపోయింది. నా డిప్లొమా సినిమా కోసం, నేను పుట్టకముందు అన్నయ్య పోయిన రోజు గురించి నలభై నిమిషాలు చెప్పింది. ఇన్నేళ్లలో నాన్నతో కూడా అనలేదని మొదలుపెట్టేముందే అంది. నేను కెమెరా బటన్ నొక్కడమే మరిచిపోయాను.

"బాగానే ఉందే నీ చదువు! పెళ్లి వీడియోలు తీసేవాడు నయం," అని ఏడుపులోనే నవ్వింది.

"సోమవారం చూపించాలమ్మా. లేకపోతే ఫెయిల్ చేస్తారు."

"చేస్తే చేయనీ. మళ్లీ చెప్పడం నావల్ల కాదు తల్లీ." నా తల నిమిరింది. "ఇన్నాళ్లూ ఒక్కదాన్నే మోశాను. ఇప్పుడు నీకూ తెలుసు, అది చాలు. అంతా విన్నావుగా, నువ్వే చెప్పు. తప్పు నాదేనంటావా?"

కెమెరా చిన్న తెరలో ఆమె ముఖం మసకబారకుండా చూసుకోవడంతోనే నాకు ఆ నలభై నిమిషాలూ సరిపోయాయి. చెంప మీద కన్నీటి తడికి వెలుగు ఎంత బాగా పడిందో గుర్తుంది. ఏం చెప్పిందో ఒక్క ముక్కా గుర్తులేదు.

అమ్మ నా కళ్లలోకే చూస్తోంది.

"నీది కాదమ్మా," అన్నాను.

అమ్మ వెంటనే నమ్మేసింది.